చర్చల్లో కలుపు తీయటం ఎలా?

(మన సభ్యుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల తర్వాతి ప్రసంగం నాకు ఇచ్చారు. మీకు నిద్ర రాకుండా ముందు ఒక సంఘటన చెబుతాను.

మూడేళ్ళ కిందట, డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి. మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పటికి నాలుగు వందల మందిమి. ఎమ్మెస్ చదవటానికి వచ్చి నాలుగు నెలలు కూడా కాని ఒక అబ్బాయికి కారు ప్రమాదం జరిగింది. అతని రూమ్మేట్ ఆసుపత్రి నుంచి రాత్రి పదకొండింటికి గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు. "అన్నా, ఎవరైనా రాగలరా? వాళ్ళ అమ్మానాన్నలకి ఏం చెప్పాలో తెలియట్లేదు" అని.

ఆ మెసేజికి పైన నూట అరవై మెసేజిలు, కింద డెబ్బై. ఏమిటవి? ఎవరి జిల్లా తెలుగు అసలు తెలుగు అన్న తగాదా. రాజేసింది ఒకే ఒక్క పెద్దమనిషి. ఆజ్యం పోసింది ఓ పదిమంది. మిగిలిన వాళ్ళంతా గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకుని పడుకున్నారు. పొద్దున ఎనిమిదింటికి ఒక అక్క ఆ మెసేజి చూసి, పిల్లల్ని పక్కింట్లో వదిలి ఆసుపత్రికి పరిగెత్తింది. తొమ్మిది గంటలు ఆ రూమ్మేట్ కుర్రాడు ఒక్కడే కూర్చున్నాడు. ప్రమాదం జరిగిన అబ్బాయి బతికాడు, చదువు పూర్తి చేసుకున్నాడు. అది మన అదృష్టం, మన గొప్ప కాదు.

ఆ గ్రూపుకి అప్పుడు నేను అడ్మిన్ని. నేను కూడా మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్ళలో ఒకణ్ణి. అందుకే ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను.

ముందు ట్రోల్ అంటే ఎవరో తేల్చుకుందాం. ఈ మాటకి చేపల వేటతో సంబంధం ఉంది. కదులుతున్న పడవ వెనక గాలం వదిలి లాక్కుంటూ పోవటాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. నెట్‌లో ట్రోల్ చేసేదీ అదే. అతనికి మీ జవాబుతో పని లేదు, మీరు ఎరని కరవటంతోనే పని. కోపంగా మాట్లాడేవాళ్ళంతా ట్రోల్స్ కారు. మనకి నచ్చని రాజకీయం ఉన్నవాళ్ళు కారు. జవాబు చెప్పాక కూడా అదే ప్రశ్న మళ్ళీ మొదట్నుంచి వేసేవాడు, విషయం వదిలి మనిషి మీదికి, కులం మీదికి, ఇంట్లో ఆడవాళ్ళ మీదికి పోయేవాడు, ఎన్నిసార్లు చెప్పినా మానని వాడు, నా దృష్టిలో ట్రోల్.

ఈ జబ్బు వాట్సాప్‌తో పుట్టింది కాదు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్‌కి రూపకల్పన చేశారు. ఇక్కడున్న పెద్దల్లో కొందరు 1990ల్లో అందులోని తెలుగు న్యూస్‌గ్రూపులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి వాదించుకున్నవాళ్ళే. మనలో చాలామందికి పెర్ల్ భాష సృష్టికర్తగా తెలిసిన ల్యారీ వాల్, అంతకు ముందే 1984లో యూజ్‌నెట్ చదవటానికి ఆర్‌ఎన్ అనే ప్రోగ్రాం రాశాడు. అందులో కిల్ ఫైల్ అని ఒకటుండేది. ఫలానా మనిషి పేరు అందులో రాసుకుంటే, అతని రాతలు ఇక మన కంటపడవు. ఈనాటి బ్లాక్ బటన్‌కి అది తాతలాంటిది.

కిల్ ఫైల్ మంచి పనిముట్టే కానీ దానికో పెద్ద లోపం ఉంది. అది నా కళ్ళకి గంతలు కడుతుంది తప్ప వీధిలో గొడవని ఆపదు. పాతవాళ్ళంతా అతన్ని బ్లాక్ చేసుకుని హాయిగా ఉంటారు. నిన్న చేరిన కొత్త సభ్యుడికి మాత్రం అతనే కనిపిస్తాడు, అతనికి జవాబు చెప్పేవాడెవడూ కనిపించడు. "ఓహో, ఈ గ్రూపంటే ఇదన్నమాట" అనుకుని వెళ్ళిపోతాడు.

1994 మొదటి నెలల్లో సెర్దార్ అర్జిక్ అనే మారుపేరుతో ఒకరు యూజ్‌నెట్‌ని ముంచెత్తారు. 1915 నాటి ఆర్మేనియన్ల ఊచకోతని తలకిందులు చేసి, చంపింది ఆర్మేనియన్లే, చచ్చింది తురుష్కులే అని వేల కొద్దీ మెసేజిలు. టర్కీ అనే మాట ఎక్కడ కనబడితే అక్కడికి ఆ జవాబు వచ్చి పడేది. అమెరికాలో టర్కీ అంటే థాంక్స్‌గివింగ్ పండక్కి వండుకునే కోడి కూడా కదా, వంటల గురించి రాసుకునేవాళ్ళకి కూడా ఊచకోత మీద ఉపన్యాసం వచ్చేది! మాటలు వెతికి జవాబులు పంపే ప్రోగ్రాం పని అది అని చాలామంది అనుకున్నారు. మనుషులు మాత్రం దానికి రాత్రుళ్ళు మేలుకుని ఆధారాలు వెతికి సమాధానాలు రాశారు. ఒక నిమిషంలో పడేసిన అబద్ధాన్ని ఖండించటానికి నిజాయితీపరుడికి ఒక సాయంత్రం పడుతుంది. ఈ లెక్క మారనంతకాలం ట్రోల్‌దే పైచేయి.

"పట్టించుకోకండి, అతనే పోతాడు" అంటారు. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. నలుగురు స్నేహితుల మధ్య అది పనిచేస్తుంది. నాలుగు వందల మందిలో ఎవరో ఒకరికి ఆ రోజు ఆఫీసులో తలనొప్పి ఉంటుంది, ఎవరో ఒకరు ఎర కరుస్తారు. అందరూ ఒకేసారి ఓపిక పట్టటం మీద ఆధారపడ్డ ఏర్పాటు ఏర్పాటే కాదు.

మనం ఇంజినీర్లం కదా, "ఫిల్టర్ రాసేద్దాం" అనేది మనకి వచ్చే తర్వాతి ఆలోచన. 2002లో పాల్ గ్రాహం స్పామ్ మీద ఒక వ్యాసం రాశాడు. మాటల సంభావ్యతని లెక్కగట్టి చెత్త మెయిళ్ళని వేరు చేసే పద్ధతి దానితో బాగా ప్రచారంలోకి వచ్చింది. స్పామ్ విషయంలో అది ఎందుకు పనిచేసిందంటే, స్పామ్ పంపేవాడు ఏదో ఒకటి అమ్మాలి, అమ్మే మాటలు దాచుకోలేడు. ట్రోల్‌కి అమ్మేదేమీ లేదు. అతని మెసేజి ఒక్కటి విడిగా తీసి చదివితే మామూలు ప్రశ్నలాగే ఉంటుంది. పైగా మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో పది రకాలుగా రాస్తాం. ఒక బూతుమాటని నిషేధిస్తే సాయంత్రానికి తొమ్మిది స్పెల్లింగులు పుడతాయి. కాబట్టి చూడాల్సింది మాటని కాదు, కొన్నాళ్ళపాటు సాగిన నడవడికని.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆసుపత్రి సంఘటన తర్వాత నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇక చూస్కోండి" అని కత్తి పట్టుకున్నాను. ఆ తగాదా పెట్టిన పెద్దమనిషిని తీసేశాను, అందరూ శభాష్ అన్నారు. నెల తిరక్కుండా మరొకాయన వచ్చారు. వయసులో పెద్ద. పండగ సంబరాల కోసం వసూలు చేసిన చందాల లెక్క అడిగారు. "పంపిస్తాం సార్" అన్నాం. వారం తర్వాత మళ్ళీ అడిగారు. మూడోసారి కాస్త ఘాటుగా అడిగారు. "ఈయన కూడా అదే బాపతు" అని గ్రూపులో నలుగురు అన్నారు. నేను తీసేశాను. అరనిమిషం పని. ఆ తర్వాత లెక్కలు తీస్తే, హాలు అడ్వాన్సు రెండుసార్లు రాసి ఉంది. ఎవరూ తినలేదు, రాయటంలో పొరపాటు. కానీ ఆయన అడగకపోతే ఎవరూ చూసేవాళ్ళు కాదు. కంచే చేను మేయటం అంటే అది. ఆ రోజు కంచెని నేనే.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వరిలో ఊద అని ఒక కలుపు మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు దూరం నుంచి చూసి పీకరు. వంగి, ఆకు కాడని అంటుకునే చోట చూస్తారు. అక్కడ వరికి సన్నటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. చిన్నప్పుడు నేను తొందరపడి పీకితే మా పెద్దమ్మ నా చేతిలో కట్ట విప్పి, ఇందులో సగం వరేరా అని తిట్టేది. ముప్ఫై ఏళ్ళు దాటినా నాకు ఆ తొందర పోలేదు.

వేరేవాళ్ళు ఈ చిక్కుని ఎలా విప్పుకున్నారో చూద్దాం. స్లాష్‌డాట్ 1999 నాటికే ఒక పద్ధతి పెట్టింది. మామూలు సభ్యులకే కొద్దికాలంపాటు కొన్ని పాయింట్లు ఇచ్చి, వ్యాఖ్యలకి మైనస్ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయించేవారు. ఏ మార్కు పైన ఉన్నవి చదవాలో చదివేవాడి ఇష్టం. మార్కులు వేసినవాళ్ళు న్యాయంగా వేశారా అని చూడటానికి మళ్ళీ ఇంకొందరు. వికీపీడియాలో ఒకే పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకి మించి ఇతరుల మార్పుల్ని తిరగ్గొట్టకూడదు. ఎవరినైనా నిరోధిస్తే ఎంతకాలం, ఎందుకు అన్నది అందరూ చదవగలిగేలా నమోదవుతుంది.

స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2015లో సీఎన్ఎన్‌తో సహా మూడు వార్తా సైట్ల వ్యాఖ్యల్ని పరిశీలించారు. చివరికి బహిష్కరణకి గురైన వాళ్ళు కొద్ది చర్చల్లోనే గుమిగూడి, ఇతరులకన్నా ఎక్కువ జవాబులు రాబట్టుకుంటారని తేలింది. వాళ్ళని మరీ కటువుగా చూస్తే వాళ్ళ తీరు ఇంకా దిగజారుతుందని కూడా తేలింది. అంటే వదిలేసినా ప్రమాదమే, మొదటి తప్పుకే చెంప పగలగొట్టినా ప్రమాదమే.

ఇక్కడ ఎవరో ఒకరు "మరి నా ఫస్ట్ అమెండ్‌మెంట్ హక్కు?" అంటారు. అది ప్రభుత్వం చేతులు కట్టేది. మన ఇంటి అరుగు మీద ఎవరు కూర్చోవాలో అది చెప్పదు. కానీ చట్టం అడ్డు రాదు కదా అని ఏదైనా చేయొచ్చా? మన దేశంలో ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని గుర్తు తెచ్చుకోండి. చిరాకు కలిగించటం, అసౌకర్యం కలిగించటం కూడా అందులో నేరమే. 2012లో ముంబై దగ్గర పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని బంద్ మీద ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్యకి అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. చిరాకు అనేదానికి హద్దెక్కడ? నాకు చిరాకు తెప్పించిన పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

అందుకని మీ ముందు ఆరు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. అభిప్రాయాన్ని బట్టి ఎవరినీ తీసేయకూడదు. నడవడికని బట్టే చర్య. కులం, ప్రాంతం, ఆడవాళ్ళ మీద దూషణ, దొంగపేర్లతో చేరటం, ఒకరి సొంత సంభాషణని బయటపెట్టటం, జవాబు వచ్చాక కూడా అదే గొడవ తిరగదోడటం. ఈ జాబితా ముందే అందరికీ తెలియాలి.

రెండు. ఒక విషయం మీద రోజుకి ఒక మనిషికి మూడు మెసేజిలు. నిజంగా చెప్పేది ఉన్నవాడికి మూడు చాలు. ట్రోల్‌కి ముప్ఫై కూడా చాలవు.

మూడు. మొదటి మెట్టు ఫోన్ కాల్. సగం గొడవలు అక్కడే ఆగుతాయి. తర్వాత రాతపూర్వక హెచ్చరిక, తర్వాత వారం, తర్వాత నెల, ఆఖరికి తొలగింపు.

నాలుగు. నిర్ణయం ముగ్గురిది. వాళ్ళలో ఎవరికైనా ఆ మనిషితో తగాదా ఉంటే పక్కకి తప్పుకోవాలి. కారణం గ్రూపులో రాయాలి. తొలగించినవాళ్ళకి అప్పీలు ఉండాలి.

అయిదు. లెక్కలు, ఎన్నికలు, నిర్వాహకుల పనితీరు మీద ప్రశ్న ఎంత ఘాటుగా ఉన్నా తీసేయకూడదు. జవాబు చెప్పటమే దానికి మందు.

ఆరు. అత్యవసరాలకి వేరే గ్రూపు. అందులో చర్చ ఉండదు, సాయం అడిగేవాళ్ళు, చేసేవాళ్ళు మాత్రమే. దాన్ని ఎవరూ మ్యూట్ చేయకూడదు.

ఇదంతా ఒక గ్రూపు కోసం ఎందుకంత ఆర్భాటం అని మీలో కొందరికి అనిపించవచ్చు. దేశంకాని దేశంలో మనకి రచ్చబండ ఇదే. ఇక్కడ నోరున్నవాడు మిగతావాళ్ళని తరిమేస్తే, వెళ్ళిపోయేవాళ్ళు చెప్పి వెళ్ళరు. ముందు ఆడవాళ్ళు మానేస్తారు, తర్వాత కొత్తవాళ్ళు, తర్వాత పని చేసేవాళ్ళు. మిగిలేది అరిచేవాళ్ళు, వాళ్ళకి జవాబిచ్చేవాళ్ళు. అప్పుడు రాత్రి పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఎవరైనా పిలిస్తే పలికేదెవరు?

చివరిగా, లెక్క అడిగిన ఆ పెద్దాయనకి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. కాఫీ ఇచ్చి, "లెక్క సరిచేశారా లేదా?" అని మళ్ళీ అదే అడిగారు. చేశామండీ అన్నాను. ఆయన ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకరుగా ఉండమని అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు. మీరందరూ కూడా అడగండి.

సెలవు.