వెంట్రుక పలుకు సాక్ష్యము
(మన సంఘ వారపు గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



మన భాషలో వెంట్రుక మిక్కిలి అల్పవస్తువు. స్వల్పమైన భేదమును చెప్పవలసి వచ్చినప్పుడు 'వెంట్రుకవాసి' యందుము. అన్నములో కనబడినచో విసుగుతో తీసి పారవేయుదుము. తిరుమల కొండపై మ్రొక్కు చెల్లించునప్పుడు మాత్రము దానినే 'తలనీలాలు' అని గౌరవముగా పిలుచుచున్నాము. ఈ అల్పవస్తువే ఒక్కొక్కప్పుడు న్యాయస్థానమున మనుష్యుని ప్రాణమును తూచు తక్కెడ యగుచున్నది. నేరపరిశోధకులకు వెంట్రుక ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను రెండు విషయములను ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచితిని. మొదటిదానికంటె రెండవదియే ముఖ్యమని నా విశ్వాసము.

మనుష్యుని తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. ఆరోగ్యవంతునకు సైతము దినమునకు 50 మొదలు 100 వరకు రాలుచుండును. కావున మనము కూర్చున్న కుర్చీ మీదను, ఒరిగిన దిండు మీదను, పెనగులాడినచో ఎదుటివాని చొక్కా మీదను మన జాడను విడిచియే పోవుదుము. రెండు వస్తువులు తాకినచో ఒకదాని జాడ మరియొకదానిపై నిలుచునని ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1910వ సంవత్సరమున పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డు బోధించెను. అదే సంవత్సరమున బల్తజార్, లాంబేర్ అను ఫ్రెంచి పరిశోధకులు మనుష్యుల, జంతువుల వెంట్రుకలను గూర్చి సమగ్రమైన గ్రంథమును వెలువరించిరి. మన దేశము ఈ మార్గమున వెనుకబడినది కాదు. విషములను పరీక్షించు రసాయన పరీక్షకుని ప్రయోగశాల చెన్నపట్టణమున 1849లోనే వెలసినది.

ఇక వెంట్రుక నిర్మాణమును చూతము. సూక్ష్మదర్శినిలో దానికి మూడు భాగములు కనబడును. పైన పొలుసుల పొర. పెంకుటింటి కప్పుమీది పెంకులవలె అవి ఒకదానిపై నొకటి సర్దుకొని యుండును. దాని లోపల దట్టమైన నడిమి భాగము. రంగునిచ్చు రేణువులు ఇందులోనే యుండును. నట్టనడుమ సన్నని నాళమువంటి మజ్జ. మనుష్యుని వెంట్రుకలో మజ్జ వెడల్పు మొత్తము వెడల్పులో మూడవ వంతునకు లోపే యుండును. అనేకచోట్ల అసలే కనబడదు. పెక్కు జంతువులలో అది సగమునకు మించియుండును. పొలుసుల తీరు కూడ వేరు. పిల్లి రోమమున అవి పూలరేకులవలె పొడుచుకొని వచ్చును. మనుష్యునకు అణగి యుండును. కావున ఇది మనుష్యునిదా, కుక్కదా, మేకదా అను ప్రశ్నకు నేర్పుగల పరీక్షకుడు నమ్మదగిన ఉత్తరము చెప్పగలడు.

ఇంకను కొన్ని సంగతులు తెలియును. తానై రాలిన వెంట్రుక మొదలు గుండ్రని చిన్న గదవలె ముగియును. ఎదుగుచున్న దానిని బలవంతముగా పెరికినచో మొదటికి మెత్తని కణజాలము అంటుకొని వచ్చును. ఇది పెనుగులాటకు సూచన కావచ్చును. క్రొత్తగా కత్తిరించిన కొన చదునుగా నుండి కాలక్రమమున నునుపు దేరును. నిప్పు సెగ తగిలినచో లోపల బుడగలు పుట్టును. రంగు వేసినను తెలియును. కాని ఇది ఎవరి వెంట్రుక యను ప్రశ్న వచ్చినప్పుడు సూక్ష్మదర్శిని మౌనము వహింపవలెను. ఒకే తలపై నున్న వెంట్రుకలలోనే పరస్పర భేదము లుండగా, ఇద్దరు మనుష్యుల వెంట్రుకలు ఒకే తీరున కనబడుటలో వింత యేమి?

వెంట్రుక విషమునకు దినచర్య పుస్తకము వంటిది. పాషాణము, అనగా ఆర్సెనిక్, శరీరమున ప్రవేశించినచో రక్తము ద్వారా వెంట్రుక మొదలు చేరి, అందలి కెరటిన్ అను పదార్థములోని గంధకమును అంటిపెట్టుకొనును. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. కావున దానిని ముక్కలుగా కోసి పరీక్షించినచో ఏ నెలలో విషము సోకినదో అంచనా వేయవచ్చును.

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము నెపోలియను చక్రవర్తి. ఆయన 1821 మే 5వ తేదీన సెయింట్ హెలీనా ద్వీపమున మరణించెను. 1961లో ఆయనదని చెప్పబడిన వెంట్రుకను గ్లాస్గో విశ్వవిద్యాలయమున హామిల్టన్ స్మిత్ న్యూట్రాన్ల సాయముతో పరీక్షింపగా ఆర్సెనిక్ అధికముగా కనబడెను. చక్రవర్తికి విషము పెట్టిరన్న వాదము అంతట ప్రబలెను. కాని 2008లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఆయన బాల్యమునాటి, ఎల్బా ప్రవాసమునాటి, అంత్యకాలమునాటి వెంట్రుకలను, భార్య జోసెఫిన్ వెంట్రుకలను, ఆయన కుమారుని వెంట్రుకలను కలిపి పరీక్షించిరి. ఆనాటి వారందరి వెంట్రుకలలోను నేటివారికంటె సుమారు నూరు రెట్లు ఆర్సెనిక్ ఉన్నది! చక్రవర్తి బాల్యమునకును అంత్యకాలమునకును చెప్పదగిన భేదము లేదు. కొలత సత్యమే, దానినుండి తీసిన తీర్పు తొందరపాటు. విషము కనబడుట వేరు, విషము పెట్టిన చేయి కనబడుట వేరు. బెంగాలు ప్రాంతమున బావినీటి దోషము చేతనే ఎందరో నిరపరాధుల వెంట్రుకలలో ఆర్సెనిక్ చేరినది గదా!

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. అమెరికాలో పెక్కు సంవత్సరములు ఎఫ్.బి.ఐ. పరీక్షకులు సూక్ష్మదర్శినిలో రెండు వెంట్రుకలను ప్రక్కప్రక్కన నుంచి చూచి, "ఇవి సరిపోలినవి" అని న్యాయస్థానములలో చెప్పుచుండిరి. వాషింగ్టను నగరమున 1978లో జరిగిన ఒక హత్యకు, అప్పటికి పదునేడేండ్ల వయసు గల యువకుని దోషిగా నిర్ణయించిరి. నేరస్థుడు ధరించిన మేజోటి ముసుగులో దొరికిన వెంట్రుక అతనిదే యన్నది ప్రధాన సాక్ష్యములలో నొకటి. అతడు సుమారు 28 సంవత్సరములు చెరసాలలో గడిపెను. 2012లో డి.ఎన్.ఏ. పరీక్ష జరుపగా, అక్కడి పదమూడు వెంట్రుకలలో ఒక్కటియు అతనిది కాదని తేలెను. వానిలో ఒకటి కుక్కది!

మనవారు బోడిగుండునకు మోకాలికి ముడివేయుట యందురు. అది నవ్వుటకు చెప్పు మాట. ఇచ్చట ఆ ముడి ఒక మనుష్యుని యౌవనమును మ్రింగివేసినది.

ఇది ఒక్కని కథ కాదు. 2015లో ఎఫ్.బి.ఐ. తానే పాత వ్యవహారములను తిరుగదోడించి, వెంట్రుక సాక్ష్యము నిందితునకు ప్రతికూలముగా వాడబడిన 268 విచారణలలో నూటికి 95కు మించినవాటియందు తన పరీక్షకులు శాస్త్రము అనుమతించిన దానికి మించి పలికిరని ఒప్పుకొనెను. వానిలో కనీసము 35 వ్యవహారములందు మరణశిక్షలు పడినవి. 33 చోట్ల దోషము కనబడినది. ఆ దోషులందరు నిరపరాధులని దీనికి అర్థము కాదు. వేరు సాక్ష్యములు ఉండియుండవచ్చును. కాని నిపుణుని నోట వెలువడిన ఒక్క అధికపు మాట ఎంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది.

మరి డి.ఎన్.ఏ. పరీక్ష ఏమి చేయును? వెంట్రుక మొదట కణజాలము అంటియున్నచో దానినుండి వ్యక్తిని చాలవరకు నిర్ధారణ చేయగల ముద్రను తీయవచ్చును. మొదలు లేని వెంట్రుకకాడలో సాధారణముగా దొరకునది మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఇది తల్లి ద్వారా మాత్రమే సంక్రమించును. మన ఇంటిపేరు తండ్రి వెంట వచ్చినట్లు ఇది తల్లి వెంట వచ్చు ఇంటిపేరు అనుకొనుడు. తరముల క్రిందట ఇచ్చటికి వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో ఒకే ఇంటిపేరు గలవారు ఎందరో కలరు. ఇంటిపేరు కలసినంతమాత్రమున ఇద్దరు ఒక్కరగుదురా? కారు. కాని ఇంటిపేరు వేరైనచో వేరు మనుష్యుడని వెంటనే చెప్పవచ్చును. అట్లే ఈ పరీక్షకు దోషిని పట్టుటకంటె నిర్దోషిని విడిపించుటయందు బలము హెచ్చు. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, సూక్ష్మదర్శిని సరిపోలినవని చెప్పిన 80 వెంట్రుకలలో 9 ఈ పరీక్షలో వేరు మనుష్యులవని తేలినవి.

మన దేశమున ఈ విద్యకు మూలపురుషుడు హైదరాబాదు సి.సి.ఎం.బి.లో కృషిచేసిన లాల్జీ సింగుగారు. నేడు చట్టము సైతము ఈ దారికి వచ్చినది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము, ఏడు సంవత్సరములు లేక అంతకు మించిన శిక్షకు తగిన నేరములలో ప్రయోగశాల నిపుణులు నేరస్థలమునకు వచ్చి సాక్ష్యము సేకరింపవలెను. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు ఈయబడినది.

మనవంటి గృహస్థులు చేయవలసిన దేమి? ఇంట దొంగతనమో దౌర్జన్యమో జరిగినచో, పోలీసులు వచ్చులోపల చీపురు పట్టరాదు, పక్కబట్టలు దులుపరాదు. తల్లులు ఇల్లు అట్లుండుట సహింపలేరు. అయినను ఆ ఒక్క పూట సహింపవలెను. దొరికిన వెంట్రుకను వేలితో తీయరాదు; పట్టుకారుతో తీసి, ఒక్కొక్కదానిని వేరువేరు కాగితపు పొట్లములలో నుంచి, స్థలము, తేదీ వ్రాయుట పరిశోధకుల పని. ఆ పొట్లము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో వ్రాత లేనిచో ఎంత గొప్ప పరీక్షయైనను వ్యర్థమే.

మన సభ్యులలో న్యాయవాదులు కలరు. నిపుణుడు బోనెక్కినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడని వారిని కోరుచున్నాను. సరిపోలినదని కంటితో చూచి చెప్పుచున్నారా, డి.ఎన్.ఏ. పరీక్షించి చెప్పుచున్నారా? ఇట్లే సరిపోలువారు లోకమున ఇంకెందరు ఉండవచ్చును? ఆ వెంట్రుక నేరము జరిగిన వేళనే అచ్చట పడినదని ఎట్లు తెలియును? ఈ మూడవ ప్రశ్నకు ఏ యంత్రమును ఉత్తరము చెప్పజాలదు. నిన్న పలకరింపునకు వచ్చిన బంధువు వెంట్రుక కూడ మన చాపపై నుండవచ్చును గదా!

సోదరులారా! వెంట్రుక అబద్ధమాడదు. కాని అది అడిగిన ప్రశ్నకు మాత్రమే ఉత్తరమిచ్చును. మిగిలినది మనము కల్పించి దాని నోట పెట్టుచున్నాము. దాని మాటకు వెంట్రుకవాసియైనను ఎక్కువ చేర్చకుండుటయే శాస్త్రము, అదియే న్యాయము.