బుద్ధుడు ఏ భాషలో బోధించాడు?

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉపన్యాస కార్యక్రమంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



బరంపురంలో 75 సంవత్సరాలు నడిచిన ఒక తెలుగు బడి పండుగలో బౌద్ధాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. అందుకు నా సమాధానం ఇది. బుద్ధుడు రాజ్యాన్ని విడిచిన రాకుమారుడిగా మనకందరికీ తెలుసు. కాని ఆయన జీవితంలో అత్యధిక భాగం గురువుగా గడిచింది. గురువు అయినవానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఆయనకూ ఎదురైంది. ఏ భాషలో చెప్పాలి? ప్రతి సంవత్సరం బడి తెరిచే రోజుల్లో తల్లిదండ్రులు నా గదిలోకి వచ్చి అడిగే ప్రశ్న కూడా అదే. కనుక ఈ ప్రశ్నను రెండువేల అయిదువందల ఏళ్ళ నాటి ఆ గురువు ఎలా పరిష్కరించాడో, ఆ తరువాతి వారు దానిని ఎలా నిలుపుకున్నారో, మనవారు ఎక్కడ జారవిడుచుకున్నారో ఈనాడు మీ ముందు మనవి చేయదలచాను.

సిద్ధార్థుడు ఇరవై తొమ్మిదవ ఏట ఇల్లు విడిచి, ఆరేళ్ళ అన్వేషణ అనంతరం గయ సమీపాన బోధివృక్షం నీడలో జ్ఞానోదయం పొందాడని సంప్రదాయం చెబుతున్నది. సారనాథ్ వద్ద అయిదుగురు శ్రోతలతో మొదలైన ఆ బోధన, ఎనభయ్యవ ఏట కుశీనగరంలో పరినిర్వాణం చెందేవరకు 45 సంవత్సరాలు సాగింది. దుఃఖం ఉన్నది, దానికి కారణం ఉన్నది, దానిని తొలగించవచ్చును, తొలగించే మార్గం ఉన్నది అనేవి నాలుగు ఆర్యసత్యాలు. ఆ మార్గమే సమ్యక్ దృష్టితో మొదలై సమ్యక్ సమాధితో ముగిసే అష్టాంగమార్గం. వినడానికి సులభం, ఆచరణలో కష్టం. అందుచేతనే ఆయన ఒక్కొక్క శ్రోతకు ఒక్కొక్క తీరున చెప్పవలసి వచ్చింది.

సోణుడనే భిక్షువు అరికాళ్ళు నెత్తురోడేలా నడిచి సాధన చేసి, ఫలితం కానక నిరాశ చెందాడు. అతడు పూర్వాశ్రమంలో వీణ వాయించినవాడు. బుద్ధుడు అతనిని తీగలను గురించే అడిగాడు. మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే పలుకుతుందా? మధ్యమమార్గమంటే ఏమిటో సోణుడు తన వీణ నుండే నేర్చుకున్నాడు. బిడ్డను పోగొట్టుకొని పిచ్చిదానిలా తిరుగుతున్న కిసాగోతమికి ఆయన మృత్యువును గురించి ఉపన్యాసం చెప్పలేదు. చావు ఎరుగని ఇంటి నుండి చారెడు ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగిన ఆ తల్లి తానే పాఠం గ్రహించింది. శిష్యునికి అప్పటికే తెలిసినదాని నుండి తెలియనిదానికి దారి వేయడమే బోధన అని మేము శిక్షణ కళాశాలలో చదువుకున్నాము. ఆ సూత్రానికి ఇంతకన్న మంచి ఉదాహరణలు నాకు కనిపించలేదు.

సిగాలోవాద సుత్తంలో గురుశిష్యులకు చెరి అయిదు ధర్మాలు చెప్పబడ్డాయి. శిష్యుడు లేచి గౌరవించాలి, దగ్గరుండి సేవించాలి, శ్రద్ధతో వినాలి. ఇవి మనం పిల్లలకు తరచు చెప్పేవే. గురువుకు చెప్పినవి మాత్రం మనం తక్కువగా తలచుకుంటాము. చక్కగా శిక్షణనివ్వాలి; బాగా అర్థమయ్యేలా చెప్పాలి; విద్యను దాచుకోకుండా సంపూర్ణంగా అందించాలి; శిష్యుని గురించి నలుగురిలో మంచిమాట చెప్పాలి; అతనికి అన్ని దిక్కులా రక్షణ కల్పించాలి. వీటిలో రెండవది, అర్థమయ్యేలా చెప్పడం, భాషతో ముడిపడిన విషయం.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. ఇది వినయపిటకంలోని చుళ్ళవగ్గంలో ఉన్నది. బ్రాహ్మణకులంలో పుట్టి, చక్కని ఉచ్చారణ కలిగిన ఇద్దరు సోదరులు భిక్షువులయ్యారు. నానా కులాల నుండి, నానా ప్రాంతాల నుండి వచ్చినవారు తమ తమ మాటలలో బుద్ధవచనాన్ని పలికి పాడుచేస్తున్నారని వారికి బాధ కలిగింది. దానినంతటినీ ఛందస్సులోకి, అంటే వైదిక పండితుల సంస్కృత భాషలోకి, మార్చుతామని అనుమతి కోరారు. బుద్ధుడు వారిని మందలించాడు. అలా మార్చడం దోషమని నియమం చేశాడు. బుద్ధవచనాన్ని స్వభాషలో నేర్చుకొనడానికి అనుమతి ఇచ్చాడు. ఇక్కడ 'స్వభాష' అంటే బుద్ధుని మాగధియేనని ప్రాచీన వ్యాఖ్యాత బుద్ధఘోషుడు వివరించాడు. నేర్చుకొనేవారి సొంత భాష అని ఆధునిక పండితులు అనేకులు భావించారు. ఎవరి అర్థం తీసుకున్నా ఒకటి మాత్రం స్పష్టం. కొద్దిమందికే అందే భాషలో ధర్మాన్ని బంధించడానికి ఆయన ఒప్పుకోలేదు.

అయితే ఆయన భాషాభిమానాన్ని మొండితనంగా మారనివ్వలేదు. మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తంలో ఒక భోజనపాత్ర ముచ్చట ఉన్నది. ఒకే పాత్రను ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరుతో పిలుస్తారనీ, మా మాటే సరియైనది, తక్కినవి తప్పు అని పట్టుబట్టరాదనీ, ఆ ఊరివారు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతోనే వ్యవహరించాలనీ ఆయన బోధించాడు. మన ఇళ్ళలో గిన్నె అంటాము. పక్కింటి ఒడియా వారు గినా అంటారు. అందులోని అన్నం మాత్రం ఒక్కటే. పరభాషా ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్న మనకు ఇంతకన్న దగ్గరి సుత్తం మరొకటి ఉండదు.

బుద్ధుని ఈ దృష్టిని రాతిపై చెక్కించినవాడు అశోకుడు. ఋషికుల్యా తీరాన మన జిల్లాలోనే ఉన్న జౌగడ శిల మీలో చాలామంది చూచినదే. అక్కడి శాసనం ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నది. గిర్నారు శిలపై 'రాజా' అని ఉన్నచోట మన జౌగడలోను, ధౌళిలోను 'లాజా' అని ఉంటుంది. రకారం పలకని పసివాని మాటలా ఉన్నదని మా పిల్లలు నవ్వుకుంటారు. కాని అది తూర్పుదేశపు వాడుక. వాయవ్య సరిహద్దుల శాసనాలకు ఖరోష్ఠీ లిపిని వాడారు. కాందహారులో 1958లో బయటపడిన శాసనం గ్రీకు, అరమేయిక్ భాషలలో ఉన్నది. తన పలుకు వినేవారికి అందాలన్న తపన చక్రవర్తికి కూడా ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

రెండేళ్ళ క్రితం తొమ్మిదవ తరగతి పిల్లలను జౌగడకు తీసుకువెళ్ళినప్పుడు ఒక బాలిక, "కళింగ యుద్ధం మాట ఇక్కడ ఎందుకు లేదు టీచర్?" అని అడిగింది. మంచి ప్రశ్న. లక్షన్నరమందిని చెరపట్టినట్లు, లక్షమంది హతులైనట్లు అశోకుడు పశ్చాత్తాపంతో చెప్పుకున్న పదమూడవ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నది. కళింగంలోని ధౌళి, జౌగడలలో లేదు. గాయపడినవారి ఎదుట ఆ గాయపు లెక్క చదవడం తగదని భావించి ఉండవచ్చునని చరిత్రకారులు ఊహించారు. దానికి బదులు ఇక్కడ రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ప్రజలందరూ తన బిడ్డలేననీ, కన్నబిడ్డలకు కోరే ఇహపర సుఖాలే వారికీ కోరుతున్నాననీ వాటి సారాంశం. అధికారులు అకారణంగా ఎవరినీ బంధించి బాధించరాదని హెచ్చరించాడు. తిష్యా నక్షత్రపు రోజులలో ఈ శాసనాన్ని వినిపించాలనీ, నడుమ రోజులలో ఒక్కడే ఉన్నా వినిపించవచ్చుననీ ఆదేశించాడు. ఒక్క విద్యార్థి ఉన్నా పాఠం చెప్పవలసిందే అన్న మాటగా దీనిని నేను గ్రహిస్తాను.

ఎర్రగుడిలోనే ఉన్న చిన్న శాసనం తల్లిదండ్రుల మాట వినాలనీ, ప్రాణులపట్ల దయ చూపాలనీ, సత్యం పలకాలనీ చెప్పి, మావటీలు, లేఖకులు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకు ఈ ధర్మాన్ని నేర్పాలని ఆజ్ఞాపించింది. అయితే తెలుగు నేలపై వెలసిన ఈ శాసనం తెలుగులో లేదు. ఆనాటికి తెలుగు శిలపైకి రాలేదు. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు రేనాటి చోళులవి, అవి క్రీ.శ. ఆరవ శతాబ్దం నాటివి. ఈ మధ్య కాలంలో భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ వంటి చోట్ల బౌద్ధం మహోన్నతంగా విలసిల్లింది. అమరావతి స్తూపానికి పూర్ణకుంభ శిలను దానమిచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తాను నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడనని అతడు చెక్కించుకున్నాడు. రాజులే కాక శ్రమజీవులు కూడా ఈ ధర్మాన్ని తమదిగా భావించారనడానికి ఇది సాక్ష్యం. వారంతా ఇళ్ళలో ఏ మాటలతో ధర్మం చెప్పుకున్నారో ఆ మాటలు మాత్రం మనకు దక్కలేదు. అమరావతి శిలాఫలకంపై చెక్కిన 'నాగబు' అన్న ఒక్క మాటను తొలి తెలుగు పదంగా చెప్పుకొని మురిసిపోతున్నాము. నన్నయ నాటికి బౌద్ధం మన నేలపై వెలుగు తగ్గింది. ప్రాచీన బౌద్ధ గ్రంథమొక్కటి కూడా తెలుగులో మిగలలేదు.

ఇతరులు ఏమి చేశారు? సింహళంలో క్రీ.పూ. మొదటి శతాబ్దంలో, అంతవరకు కంఠస్థంగా వచ్చిన పాళీ పిటకాలను గ్రంథస్థం చేశారు. థేరవాదానికి అది ఆధారమైంది. చైనావారు కుమారజీవుడు, హ్యూయాన్‌త్సాంగ్ వంటివారి కృషితో మహాయాన గ్రంథాలను తమ భాషలోకి తెచ్చుకున్నారు. టిబెట్టువారు ఏడవ శతాబ్దంలో లిపిని ఏర్పరచుకొని, తరువాతి శతాబ్దాలలో వేలాది గ్రంథాలను అనువదించుకున్నారు. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం చెప్పే 'సుహృల్లేఖ' ఉన్నది. మిత్రునికి రాసిన లేఖ అని దాని అర్థం. భారతదేశంలో విద్యార్థులు దీనిని చదువు తొలిదశలోనే వల్లెవేసేవారని ఏడవ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. ఆ లేఖ సంస్కృత మూలం నశించింది. మనకు నేడు మిగిలినవి చైనా, టిబెటన్ అనువాదాలే.

మన పక్కనే గజపతి జిల్లాలో చంద్రగిరి ఉన్నది. 1963లో అక్కడ టిబెటన్ శరణార్థులకు నివాసం ఏర్పడింది. అక్కడి జిరంగ్ బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మనలో చాలామంది కుటుంబాలతో వెళ్ళి ఆ బంగారు శిఖరాల ముందు ఫోటోలు దిగి వచ్చాము. శాతవాహన రాజుకు రాసిన ఉత్తరాన్ని అక్కడి టిబెటన్ పిల్లవాడు పెద్దయి తన భాషలో చదువుకోగలడు. శాతవాహనులు మావారని చెప్పుకొనే మన పిల్లవాడు చదవాలంటే మరొకరి అనువాదానికి అనువాదం వెదకాలి. దేశం పోగొట్టుకున్నవారు భాషను ప్రాణప్రదంగా మోసుకువచ్చారు. ఈ మాట నిందగా కాక హెచ్చరికగా స్వీకరించండి.

మనవారు పూర్తిగా ఊరకున్నారని కూడా కాదు. తిరుపతి వేంకటకవుల 'బుద్ధచరిత్రము', పింగళి కాటూరి కవుల 'సౌందరనందము', జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'కరుణశ్రీ' ఇరవయ్యవ శతాబ్దంలో తథాగతుని మళ్ళీ తెలుగువారి ఇంటికి తెచ్చాయి. మన గ్రంథాలయంలో ఈ పుస్తకాలు ఉన్నాయి. వాటిని తీసి చదివే చేతులు తగ్గిపోతున్నాయి.

తల్లిదండ్రులకు ఉన్న భయం నాకు తెలియనిది కాదు. తెలుగు చదివితే ఇక్కడ ఉద్యోగం వస్తుందా, ఇంగ్లీషు రాకపోతే ఎలా, ఒడియా నేర్వకపోతే ప్రభుత్వ కార్యాలయంలో ఎలా అని మీరు అడుగుతారు. అవి న్యాయమైన ప్రశ్నలే. మా బడి ఆ భాషలను వద్దనలేదు, వద్దనదు కూడా. ఒడియా ఈ నేల భాష. దానిని చక్కగా నేర్వడం మన కర్తవ్యం. ఇంగ్లీషు అవసరం. బుద్ధుడే తన ధర్మాన్ని తెప్పతో పోల్చాడు. నది దాటడానికే తెప్ప. దాటిన తరువాత నెత్తిన మోయడానికి కాదు. భాషను గురించి కూడా అలాగే అనుకుందాము. కాని నది నడుమ తెప్పను వదిలివేసినవాడిని ఎవరూ వివేకి అనరు. మూడవ తరగతి పిల్లవాడు నది నడుమ ఉన్నాడు. ఇంట్లో అమ్మ చెప్పే మాటలో ఒక విషయాన్ని విని, అర్థం చేసుకొని, తిరిగి ప్రశ్న వేయగలిగిన తరువాత, అతడు ఎన్ని తెప్పలైనా ఎక్కగలడు. అర్థం కాని భాషలో వల్లెవేసే పిల్లవాడు ప్రశ్న వేయడు. జౌగడలో ఆ బాలిక వేసిన ప్రశ్న ఆమె నోట తెలుగులో పుట్టింది. జవాబు కోసం ఆమె ఇంగ్లీషు పుస్తకం కూడా తిరగవేసింది. మేము కోరేది ఆ క్రమమే.

కాబట్టి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను. తల్లిదండ్రులారా, బిడ్డను ఏ బడిలో చేర్చినా రోజుకొక పావుగంట ఇంట్లో తెలుగు పుస్తకం చదివించండి. పూర్వవిద్యార్థులారా, మీరు భవనాలకు విరాళాలిచ్చారు, కృతజ్ఞులము. ఏడాదికొకసారి వచ్చి ఒక్క తరగతికి ఒక్క పాఠం కూడా చెప్పి వెళ్ళండి. సహోపాధ్యాయులారా, ఎదుట నలభైమంది ఉన్నా నలుగురే ఉన్నా, విద్యను దాచుకోకుండా, అర్థమయ్యేలా చెబుదాము. వినేవాడు ఒక్కడే అయినా వినిపించమన్న శిల మన జిల్లాలోనే ఉన్నది.