సెలవుల తర్వాత హాస్టలుకి



సంక్రాంతి వెళ్ళిపోయింది. డబ్బాలో అడుగున నాలుగు అరిసెలు మిగిలాయి. పిల్లలు మళ్ళీ కాలేజీలకు బయలుదేరారు. ఇక్కడి రట్గర్స్‌లో స్ప్రింగ్ సెమిస్టరు సాధారణంగా మార్టిన్ లూథర్ కింగ్ సెలవు దాటగానే మొదలవుతుంది. పేరుకే స్ప్రింగు, బయటంతా మంచే! ఆ ముందురోజు పిస్కాటవేలోని లివింగ్‌స్టన్ క్యాంపస్ చూడాలి. హాస్టళ్ళ ముందు వరసగా కార్లు, వాటిలోంచి దిగుతున్న దుప్పట్లు, రైస్ కుక్కర్లు, ఆవకాయ సీసాలు.

కిందటేడు ఆ కార్లలో మాదీ ఒకటి. మేముండేది చెర్రీ హిల్‌లో. టర్న్‌పైక్ నాలుగో ఎగ్జిట్ దగ్గర ఎక్కి తొమ్మిదో ఎగ్జిట్లో దిగి, రూటు 18 మీద రారిటన్ నది దాటితే పిస్కాటవే. గంట ప్రయాణం. మొదటి సంవత్సరం చదువుతున్న మావాడు దారిపొడుగునా నోరు విప్పలేదు. సామానంతా దింపాక, కారు తలుపు పట్టుకుని, "నాన్నా, కాలిక్యులస్ ఫెయిలయ్యాను" అన్నాడు.

నేనేమన్నానో మీ దగ్గర దాచను. "సెమిస్టరుకి ఎంత కడుతున్నామో తెలుసా నీకు?" అన్నాను. వాడి మొహం మాడిపోయింది. "సారీ నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో రారిటన్ వంతెన ఎక్కేసరికి మా నాన్నగారు గుర్తొచ్చారు. మాది కోనసీమ. నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకూ లెక్కల పేపరు పోయింది. సంక్రాంతికి ఇంటికెళ్ళి, మూడు రోజులూ పండగ చేసుకుని, ఆ సంగతి చెప్పకుండా హాస్టలుకి వచ్చేశాను. తర్వాత మార్కుల మెమో పోస్టులో ఇంటికి చేరింది. ఎదుర్లంక-యానాం వంతెన 2002లో వచ్చింది గానీ, అప్పట్లో గోదావరి దాటాలంటే పంటే గతి. ఆయన పంటు దాటి, బస్సెక్కి, మధ్యాహ్నానికి నా గది ముందు నిలబడ్డారు. మెస్సులో నాతో కూర్చుని భోంచేశారు. మార్కుల మాటే ఎత్తలేదు. బస్సెక్కే ముందు మాత్రం జేబులోంచి డబ్బు తీసి, "పరీక్ష ఫీజు కట్టుకో. ఈసారి ముందు నాకు చెప్పు" అన్నారు. అంతే.

నేను దాచాను, ఆయన తిట్టలేదు. మావాడు తనంతట తాను చెప్పాడు, నేను తిట్టాను! కారు వెనక్కి తిప్పాను.

వాడు కిందికి దిగేదాకా బయటే నిలబడ్డాను. ఆ నేలకో చరిత్ర ఉంది. 1942లో అక్కడ క్యాంప్ కిల్మర్ అనే సైనిక శిబిరం వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధానికి లక్షలమంది సైనికులు అక్కడి నుంచే ఓడలెక్కడానికి వెళ్ళారు. 1956లో హంగరీలో తిరుగుబాటు విఫలమయ్యాక, 30 వేలకు పైగా శరణార్థులు అక్కడికే వచ్చి దిగారు. 1969లో అక్కడ కాలేజీ తెరిచారు. సాగనంపడం, అక్కున చేర్చుకోవడం రెండూ చూసిన నేల అది.

ఆ సాయంత్రం వాడికి మా నాన్నగారి సంగతి చెప్పాను. వాడు అప్పటికే రెండో కాలిక్యులస్‌కి పేరిచ్చేసుకున్నాడట. మొదటిది గట్టెక్కకుండా రెండోది కుదరదు కదా! మర్నాడు అడ్వైజరును కలిసి, మొదటిదే మళ్ళీ తీసుకున్నాడు. వేసవికి బి గ్రేడు తెచ్చుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ మార్కుల మెమో మన గుమ్మంలోకి రాదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, ఫీజు కట్టే మనది కాదు. కాబట్టి పిల్లలు చెబితేనే మనకు తెలుస్తుంది. కోర్సులు మార్చుకోవడానికేమో సెమిస్టరు మొదట్లో వారం పదిరోజులే గడువు. మన కోపానికి భయపడి ఆ వారం వాళ్ళు మౌనంగా గడిపేస్తే, ఇంకో సెమిస్టరు కూడా చేజారిపోవచ్చు.

అందుకని ఈ వారం మీ పిల్లలకు ఫోన్ చేయండి. మార్కులు తర్వాత అడగొచ్చు, ముందు అన్నం తిన్నారా అని అడగండి. మిగతాది వాళ్ళే చెబుతారు.

సెలవు.