వీడియో సంభాషణములు – గృహమందలి పెద్దల బాధ్యత



కొన్నియేండ్లుగా మన గ్రామములకు ఒక క్రొత్త తీరు అతిథులు వచ్చుచున్నారు. వారు బండి దిగరు, కాళ్లు కడుగుకొనరు, మజ్జిగ పుచ్చుకొనరు. హైదరాబాదుననో విశాఖపట్టణముననో, ఒక్కొక్కప్పుడు సముద్రములకు ఆవలనో కూర్చుండి, సెల్‌ఫోను తెరపై ముఖము చూపి, మన జీవనమును గూర్చి గంటసేపు ప్రశ్నించి సెలవు పుచ్చుకొందురు. వీరు విశ్వవిద్యాలయముల విద్యార్థులు, పరిశోధకులు. “ఎందరు?” అని యడుగుట జనాభా లెక్కలవారి పని. “ఎందువలన? ఎట్లు? అప్పుడు నీ మనస్సునకు ఏమి తోచినది?” అని యడుగుట వీరి పని. కావున పదివేలమందితో వీరికి నిమిత్తము లేదు. ఇరువదిమందియో ముప్పదిమందియో మనసు విప్పి చెప్పిన చాలును. చెప్పినదానిని పొల్లుపోకుండ వ్రాసికొని, పలుమారులు చదివి, అందలి యర్థమును వెదకుదురు.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా రాకపోకలు నిలిచినప్పుడు, ఊరూర తిరుగ వీలులేక పరిశోధకులు పెక్కుమంది జూమ్, గూగుల్ మీట్, వాట్సాప్ మొదలగు సాధనముల నాశ్రయించిరి. వ్యాధి తగ్గినను ఆ యలవాటు పోలేదు. దారిబత్తెము మిగులును. దుబాయికి కూలికి పోయినవానితోను, ఇంట నున్న వాని భార్యతోను ఒక్క దినముననే మాటలాడవచ్చును. ఈ లాభములు స్వల్పములు కావు.

ఊరి సంగతులు అడిగి వ్రాసికొనుట మనకు నూతనము కాదు. 1815లో భారతదేశ సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ దొర, ఏలూరివారగు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలగువారి సహాయమున గ్రామవృత్తాంతములను సేకరించెను. అవియే కైఫీయతులు. వానిలో దానశాసనములు గలవు, పాళెగాండ్ర కలహములు గలవు, చెరువుల కథలు గలవు. దంచి, వండి, పిల్లలను కని పెంచిన స్త్రీల మాట యెంత వెదకినను దొరకుట దుర్లభము. ఏలయన, అడిగినది కరణములను, పెద్దలను. చెప్పినదియు వారే.

నేటివారు ఆ లోపమును తీర్పగోరి కోడండ్రను, కూలివారిని, వితంతువులను వేరుగా పలుకరింప యత్నించుచున్నారు. వీడియోలోని చిక్కు ఇక్కడనే యున్నది. ఇంటికి వచ్చినవానికి ఇల్లంతయు కనబడును. గుమ్మమున మామగారున్నారని, తడిక వెనుక తోడికోడలున్నదని గ్రహించి, “అమ్మా, పెరటిలోనికి పోదము” అనును. తెరపై కనబడునది జానెడు ముఖము మాత్రమే. దాని కావల ఎవరున్నారో దూరమున నున్నవారెరుగరు.

నేనెరిగిన యొక గృహమున జరిగినది చెప్పెదను. ప్రసవకాలమందలి వైద్యమును గూర్చి యొక పరిశోధకురాలు ఆ యింటి కోడలిని ప్రశ్నించుచుండెను. అత్తగారు ప్రక్కనే కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండిరి. ఆమె దుష్టురాలు కాదు. ఇంటి గౌరవము కోరిన యిల్లాలు. “నొప్పులు వచ్చిన పిదప ఆసుపత్రికి ఎప్పుడు తీసికొనిపోయిరి?” అని ప్రశ్న. కోడలు ఒక్కమారు ప్రక్కకు చూచి, “వెంటనే” అనెను. రాత్రియంతయు జాగు చేసిరని మా వీధివారందరికిని తెలియును. పరిశోధకురాలు ఆ చూపును కనిపెట్టి, “నీకు వీలైనప్పుడు మరల మాటలాడుదము తల్లీ” అని చాలించెను. తెలివిగలది. అంత తెలివిలేనివారు “వెంటనే” అను మాటనే వ్రాసికొందురు. అట్టి జవాబులు పది కూడినచో ఆ ప్రాంతమున గర్భిణులకు కొరత లేదని తేలును. ఇక బండియో వైద్యుడో కావలెనని యెవ్వరు తలతురు?

సంస్కృత నాటకములందు జనాంతికమను సంకేతము గలదు. ఒక పాత్ర త్రిపతాకహస్తము అడ్డుపెట్టి వేరొక పాత్రతో పలికినచో, రంగమున నున్న తక్కినవారు విననట్లే లెక్క. మన వసారాలలో అట్టి సౌకర్యము లేదు. చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోను ప్రశ్నను దాచును గాని జవాబును దాచదు. కాబట్టి నా మనవి యేమనగా, ఇంటిలో నెవరికైన ఇట్టి పిలుపు వచ్చినప్పుడు పెద్దలు ఆ గంటసేపు రచ్చబండకడకు పోవుడు. తలుపు వెనుకకు కాదు, రచ్చబండకే. తిరిగివచ్చి “ఏమి చెప్పితివి?” అని యడుగకుడు.

ముక్కుమొగ మెరుగనివారికి ఇంటి యాడువారిని ఎట్లు అప్పగింతుమని కొందరు పెద్దలు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. పెద్దరికమునకు తావు సంభాషణమునకు ముందు గలదు. ఏ విద్యాలయమువారు, ఎవరి పర్యవేక్షణమున చేయుచున్నారు అని యడిగి, ఆ విద్యాలయమునకే టెలిఫోను చేసి విచారింపుడు. ఓటీపీని గాని ఏటీఎం రహస్యసంఖ్యను గాని అడుగువాడు పరిశోధకుడు కాడు, దొంగ. ఆరోగ్యవిషయక పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమావళి ప్రకటించినది. దాని ప్రకారము, విషయమంతయు తెలియు భాషలో చెప్పి సమ్మతి గైకొనవలెను. ఇష్టము లేనిచో నడుమనే మానుకొనవచ్చును. చదువురానివారి సమ్మతికి నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను. సాక్షి సమ్మతికే గాని సంభాషణమునకు కాదని గుర్తుంచుకొనుడు.

అవతలివారు మాటలాడునప్పుడు క్రిందికి చూచుచున్నట్లు తోచిన కోపింపకుడు. వారి యంత్రమున కెమెరా పైనుండును, మన ముఖము దాని క్రింద కనబడును. మాట చేరుటలో కొంత జాగగును గనుక, ఒకరు ముగించిన పిదప క్షణమాగి రెండవవారు పలుకుట మేలు. జూమ్‌లో రికార్డు చేయునప్పుడు ఆ గుర్తు తెరపై కనబడును. వేరొక యంత్రముతో పట్టినచో ఏ గుర్తును కనబడదు. కావున ముందుగా అడిగి తెలిసికొనవలెను.

“పేరు మార్చి వ్రాసెదము” అందురు. పట్టణమున అది చాలును. మూడువందల గడపల పల్లెలో “కవలలను కన్న కుమ్మరివారి రెండవ కోడలు” అని వ్రాసిన పేరెందులకు? ఊరి పేరును, అట్టి గుర్తులను గూడ తీసివేయుమని మాటలాడినవారు కోరవచ్చును. వ్రాసినదానిని తెలుగున చదివి వినిపింపుమనియు అడుగవచ్చును. చదువునది కోడలి మాటలైనచో కోడలికే చదువవలెను. అప్పుడును మనకు రచ్చబండయే.