పాట పాడి వెళ్లిపోతే సరిపోతుందా?



డిసెంబరు వచ్చింది. మా బెంగళూరులో తెల్లవారుజామున తలకు మఫ్లరు చుట్టుకుని, పాల పాకెట్ కోసం అంగడికి వెళ్లి వచ్చేసరికే వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా ఈ నెలంటే మాకు ఇష్టం. ఇది పాటల నెల. డోలక్, కంజిర, హార్మోనియం పట్టుకుని, కర్రకు కట్టిన నక్షత్రం వెనుక నడుస్తూ రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడతాం.

మా తాతలు పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చారు. మా పిల్లలు బడిలో కన్నడ, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కీర్తనలను కన్నడ అక్షరాల్లో రాసుకుని పాడతారు. అయినా అవ్వ నేర్పిన కీర్తన ఎత్తుకుంటే వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. 19వ శతాబ్దంలో బరంపురంలో సేవ చేసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఈనాటికీ తెలుగు సంఘాల్లో వినబడుతున్నాయి. చదువు అందని చోటికి కూడా పాట అందింది.

పోయిన సంవత్సరం క్యారల్స్ ముగించుకుని ఉదయం ఆరున్నరకు తిరిగి వస్తున్నాం. వీధి మలుపులో మా సంఘపు సహోదరి ఒకామె రోడ్డు ఊడుస్తోంది. ఆమె పౌరకార్మికురాలు. మమ్మల్ని చూసి, "అయ్యగారూ, మీరు మా ఇంటికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. నేను లేవలేకపోతిని. ఇప్పుడొక పాట పాడండి" అంది. పాడాం. చీపురు పక్కన పెట్టి ఆమె కూడా గొంతు కలిపింది.

పాట అయ్యాక మా కుర్రవాడొకడు ఆమె చేతులు చూశాడు. చలికి పగిలి నెత్తురు కనబడుతోంది. "గ్లౌజులు ఇవ్వలేదా అక్కా?" అని అడిగాడు. "ఎప్పుడో ఒక జత ఇచ్చినారు నాయనా, చినిగిపోయినాయి. మళ్లీ అడిగితే రేపు, మాపు అంటారు" అంది.

మేమంతా స్వెట్టర్లలో ఉన్నాం. ఆమె చెవులకు చీర కొంగే ఆధారం. ఇంటికి చేరేదాకా మాలో ఎవరమూ మళ్లీ పాడలేదు.

దావీదు సితారా వాయిస్తే సౌలు రాజుకు నెమ్మది కలిగేదని సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయంలో చదువుతాం. 18వ అధ్యాయానికి వచ్చేసరికి, అదే దావీదు వాయిస్తుండగానే అదే సౌలు ఈటె విసిరాడు. సంగీతం హృదయాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. ఆ మెత్తదనం ఉండగానే మనం ఏదో ఒకటి చేయాలి. లేకపోతే పాట ఆగిన గంటకే గుండె మళ్లీ గట్టిపడుతుంది.

ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడిన పౌలు, తర్వాత మరో చెరలో నుండి తిమోతికి ఉత్తరం రాశాడు. త్రోయలో విడిచివచ్చిన అంగీ తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. పాట విలువ అంతగా ఎరిగినవాడే అంగీ కూడా అడిగాడు. అడగడంలో సిగ్గు లేదు.

ఆ వారమే మా యౌవనస్థులు క్యారల్స్ కానుకల్లో సగం తీసి గ్లౌజులు, స్వెట్టర్లు కొన్నారు. ఆ సహోదరి మరో ఏడుగురితో కలిసి, తమకు రావలసిన వస్తువుల కోసం అర్జీ పెట్టింది. దాన్ని కన్నడలో రాసిపెట్టింది మా పిల్లలే. గ్లౌజులు వచ్చాయి. జాకెట్లు ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాం.

కాబట్టి యౌవనస్థులారా, ఈ డిసెంబరులో గొంతెత్తి పాడండి. పాడిన ఇంట్లో ఐదు నిమిషాలు కూర్చోండి. ఎవరు ఎన్నింటికి పనికి లేస్తారో, కప్పుకోవడానికి ఏముందో అడగండి. ఇచ్చి ఊరుకోకండి; హక్కుగా రావలసినదాని కోసం వారితో కలిసి నడవండి.

ఈసారి మా క్యారల్స్ సాయంత్రం ఏడింటికే మొదలవుతాయి. పౌరకార్మికుల ఇళ్లకే ముందు వెళ్తాం. తెల్లవారకముందే లేవవలసిన వారు కూడా మెలకువగా ఉండి మాతో పాడాలి కదా!

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.