దూరం ఎంత? ప్రయాణం ఎంతసేపు?

రెండు నగరాల మధ్య దూరం తెలిస్తే విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పగలమా? ఈనాటి పాఠంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. అట్లాసు తెరిచి దగ్గర పెట్టుకోండి.

ముందుగా హైదరాబాదు, ఢిల్లీ నగరాలను చూడండి. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు, ఢిల్లీది 28.6 డిగ్రీలు. తేడా 11.2 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి భూమి మీద సుమారు 111 కిలోమీటర్లు. గుణిస్తే 1,243 వస్తుంది. రేఖాంశాలలోని కొద్దిపాటి తేడాను కూడా కలుపుకుంటే దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. ఇదే రైలు మార్గంలో 1,600 దాటుతుంది.

జెట్ విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో వెళుతుందనుకుందాం. గంటన్నరలో చేరాలి. కాని టికెట్టు మీద రెండు గంటలకు పైగా ఉంటుంది. ఎందుకు? విమానం నిలిచిన చోటు నుంచి కదిలినది మొదలు, గమ్యంలో పూర్తిగా ఆగేవరకు ఆ కాలాన్ని లెక్కిస్తారు. రన్‌వే చేరడం, పైకి ఎక్కడం, దిగే ముందు తన వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే ఉంటాయి.

ఇప్పుడు దూర ప్రయాణానికి వద్దాం. గ్లోబు మీద ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారాన్ని బిగించి పట్టండి. దారం టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. అదే అతి దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. అయితే ఈ దారిలో ఒక చిక్కు ఉంది. విమానం లోపల గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే, ప్రయాణికులు ఊపిరి పీల్చుకోవడానికి వీలుగా సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే 4 కిలోమీటర్లకు పైన ఉంటుంది!

అందువల్ల వేరే దారులు వెతుకుతారు. ఎయిరిండియా 2015లో ఈ సర్వీసును అట్లాంటిక్ మీదుగా ప్రారంభించింది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా ప్రయాణం పద్నాలుగున్నర గంటలలో ముగిసింది. మునుపటికంటే సుమారు రెండు గంటలు తక్కువ!

దీనికి కారణం గాలి. మన అక్షాంశాలకు ఉత్తరాన, సుమారు 10 కిలోమీటర్ల ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు వీస్తాయి. విమానం వేగం 900, వెనుక గాలి 100 అయితే, నేలతో పోల్చినప్పుడు వేగం 1,000. అదే ఎదురుగాలి అయితే 800 మాత్రమే.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? ఇంధనం తక్కువైతే దారి మధ్యలో మరో విమానాశ్రయంలో దిగవలసి వస్తుంది. అవసరానికి మించి నింపితే బరువు పెరిగి, ఆ బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. అందుకే ప్రతి ప్రయాణానికి ముందు ఆనాటి గాలులను చూసి, దారిని, ఇంధనాన్ని నిర్ణయిస్తారు.

చివరగా మీకొక ప్రశ్న. ఢిల్లీ నుంచి లండన్ వెళ్లడానికి ఎక్కువ సమయం పడుతుందా, తిరిగి రావడానికా? టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే అని మరచిపోకండి. కారణంతో సహా మీ నోటు పుస్తకంలో రాయండి. సెలవు.