పొగమంచు - మోటారు ప్రమాదము - న్యాయము

మార్గశిర పుష్య మాసములలో వేకువజామున ప్రయాణము చేయువారికి పొగమంచు క్రొత్త కాదు. లంబసింగి, అరకు కొండదారులలోనే కాక, కృష్ణా గోదావరీ తీరముల పల్లపు నేలలయందును ఆ వేళ ఎదుటి బండి కంటికి ఆనదు. అట్టి తరుణమున ప్రమాదము జరిగినచో, "మంచు కమ్మినది, నాకేమియు కనబడలేదు" అని డ్రైవరు చెప్పును. బాధితుని ఇంటివారు సైతము "మా ఖర్మ" అని ఊరకుందురు. ఈ రెండు మాటలును న్యాయము ఎదుట నిలువవని చెప్పుటయే నేటి మా ప్రసంగోద్దేశము.

న్యాయశాస్త్రమున దైవకృతము అను మాట కలదు. మనుష్యుడు ముందుగా ఊహింపజాలనిదియు, ఎంత జాగరూకత వహించినను తప్పింపరానిదియు నగు ప్రకృతి విపత్తు అని దాని భావము. పోవుచున్న బండిపై పిడుగు పడుట అట్టిది. ఏటేటా వచ్చు పొగమంచు అట్టిది కాదు. ఉత్తరప్రదేశమున గ్రేటర్ నోయిడా నుండి ఆగ్రాకు పోవు యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై ఇటీవలి సంవత్సరములలో కార్ల గరిష్ఠ వేగమును చలికాలమున గంటకు 100 కిలోమీటర్ల నుండి 75కు తగ్గించుచున్నారు. ముందు తెలిసిన అపాయము కనుకనే గదా ఈ కట్టడి! కావున న్యాయస్థానము మంచు ఎంత దట్టమో విని ఊరకుండదు. మంచును చూచిన పిమ్మట నీవేమి చేసితివి అని అడుగును.

ఒక చిన్న లెక్క చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు సాగును. 50 మీటర్లకు మించి చూపు ఆనని మంచులో, నిలిచియున్న లారీ కనబడిన పిమ్మట డ్రైవరుకు మిగులునది రెండు సెకనులకు కొంచెము ఎక్కువ. కాలు బ్రేకుపై మోపులోపలనే అందు చాల భాగము గడచిపోవును. చూపు ఆనినంత దూరములో బండిని ఆపగల వేగమే ఆ వేళ తగిన వేగము.

అయితే తప్పు ఎల్లప్పుడును వెనుక వచ్చువానిదేనా? కాదు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఇందుకు దారి చూపును. ఒకదానిలో, ముందు పోవు లారీకి 10, 15 అడుగుల యెడములోనే కారును నడిపినవానిది అజాగ్రత్త అనిరి. వేరొకదానిలో, రాత్రివేళ దీపములు లేక రోడ్డు నడుమ నిలిపిన ట్యాంకరును కారు గ్రుద్దుకొనగా, తప్పు ట్యాంకరు డ్రైవరుదే అనిరి. ఈ సూత్రములు మంచువేళకును వర్తించును. ఇద్దరు డ్రైవర్ల తప్పును కలిసి మూడవవానికి హాని కలిగినచో, అతడు ఎవరివద్దనైనను పూర్తి పరిహారము కోరవచ్చునని 2015లో అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది.

బాధితుని కుటుంబము తాము నివసించు ప్రాంతపు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకొనవచ్చును. తప్పు ఎవరిదో నిరూపింపలేకున్నను, 2022 ఏప్రిలు నుండి అమలులోనున్న నిబంధన ననుసరించి మరణమునకు 5 లక్షలు, తీవ్రమైన గాయమునకు 2 లక్షల 50 వేల రూపాయలు కోరు హక్కు కలదు. గ్రుద్దిన బండి మంచులో మాయమై ఆచూకీ దొరకనిచో, మరణమునకు 2 లక్షలు, తీవ్రమైన గాయమునకు 50 వేలు లభించు వేరొక ఏర్పాటు కలదు. ఆలస్యము చేయక ఆరు నెలలలోపుననే అర్జీ దాఖలు చేయుట క్షేమము.

ఇక కారు గలవారికి ఒక మాట. గాయపడినవారికి వైద్యసహాయము కలిగించుట, పోలీసులకు తెలుపుట చట్టము డ్రైవరుపై మోపిన విధులు. పనిలోనున్న డ్రైవరు అజాగ్రత్తకు యజమానియు బాధ్యుడే. బీమా లేనిచో పరిహారము తన ఆస్తి నుండియే ఇచ్చుకొనవలెను. ముహూర్తము మించుచున్నదని వెనుక సీటునుండి డ్రైవరును తొందరపెట్టువారు ఈ సంగతి మరువరాదు. అట్టి వేళ రోడ్డు విడిచి, దీపములు వెలిగించి, ఏ కాఫీ హోటలు వాకిటనో ఎండ పొడచూపువరకు ఆగుడు. ఆలస్యముగా వచ్చిన చుట్టమును పెండ్లివారు మన్నింతురు.